ఆగిందా, మింగిందా

మొదటి బిందె ముంచుకుపోయింది పక్కింటి సుభద్ర. ఆమె వెనకే వీధి వీధంతా వచ్చింది. ఇత్తడివి, స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఎవరింట్లో ఏది ఖాళీగా ఉంటే అది పట్టుకుని వచ్చారు. ఎండాకాలం. తిరుపతిలో మా పక్క కొళాయి రోజు విడిచి రోజు వచ్చే కాలం. అలాంటప్పుడు ఒక ఇంటివాళ్లు పిలిచి మరీ నిండు డ్రమ్ములు ఖాళీ చేయిస్తుంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇల్లు మారతా ఉండారా అని ఒకామె నన్ను అడిగింది. లేదమ్మా, పాట బాగు చేస్తా ఉండామని చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఎందుకైనా మంచిదని రెండో బిందె కూడా ముంచుకుంది.

డ్రమ్ములు మెట్ల కింద ఉన్నాయి. మెట్ల పైన మిద్దెగదిలో మునస్వామి భాగవతార్ గారు దిండ్లకు ఆనుకుని కూర్చుని, తాను ఎప్పుడో చెప్పిన హరికథను స్పీకరులో వింటున్నారు. కుడిచేతిలో చిడతలు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు పద్యంలో పాదానికో మాట ఎగిరిపోతోంది. ఒక డ్రమ్ము అడుగంటేసరికి పద్యానికొకటి పోతోంది. చివరి డ్రమ్ము సగానికి వచ్చేసరికి, మెట్ల మీద నిలబడ్డ ఆయన కూతురు రేవతి కిందికి వంగి, "అన్నా, పద్యమంతా వచ్చేసింది, ఒక్క మాటా పోలే" అంది.

అప్పుడు పైనుంచి ఆయన గొంతు వినిపించింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట ముద్దముద్దగానే ఉండేది. ఆ మాట మాత్రం వాకిలి దాకా స్పష్టంగా వచ్చింది.

"చెంగమ్మా, నా తలకాయ కాదంట. నీ డ్రమ్ములంట."

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన భార్య చెంగమ్మ గారు నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

నా ఉద్యోగ జీవితంలో గెలిచిన రోజు ఏదని ఎవరైనా అడిగితే నేను ఆ రోజునే చెబుతాను. ఎలా గెలిచామో ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇందులో వైర్‌లెస్ గురించి కొంతే ఉంటుంది. ఎక్కువ భాగం మాటల గురించి.

బస్సు పోయింది

వైఫై రాకముందు నేను తిరుపతిలో ఒక దినపత్రిక ఎడిషన్ ఆఫీసులో లైన్లు చూసుకునేవాణ్ణి. తొంభైల మాట. వార్తలు, ఫొటోలు టెలిఫోన్ లైను మీద మోడెముల గుండా వచ్చేవి. లైను పనిచేయకపోతే పేజీ తయారు కాదు. పేజీ తయారు కాకపోతే వ్యాన్లు కదలవు. మదనపల్లెలో, పలమనేరులో పొద్దున పేపరు పడదు.

మా డెస్క్ ఇన్‌చార్జి పేరు రంగనాయకులు గారు. కరెంటు గురించి ఆయనకు తెలిసింది స్విచ్చి ఎక్కడుంటుందన్నంత వరకే. కానీ నాకు ఈ పని నేర్పింది ఆయనే. ఒకరోజు ఆయన దగ్గరికి వెళ్లి, లైన్ పోయింది సార్ అన్నాను.

"పోయిందంటే?"

"పోయింది సార్. రావట్లేదు."

ఆయన చేతిలో కాపీ కింద పెట్టారు. "రిపోర్టరు ఫోన్ చేసి బస్సు పోయింది సార్ అంటాడు. నేనేం అచ్చు వేయమంటావ్? స్టాండు నుంచి బయల్దేరి పోయిందా, ఘాటులో బోల్తా పడి పోయిందా?"

డెస్కు డెస్కంతా నవ్వింది. నేను తల వంచుకుని నా గదికి వచ్చి, మళ్లీ మొదటి నుంచి చూశాను. చూస్తే లైను పోలేదు. అక్షరాలు వస్తున్నాయి, మధ్యమధ్యలో చెత్త కలిసి వస్తున్నాయి. అది వేరే జబ్బు, దానికి వేరే మందు. పోయింది అనే ఒక్క మాట కింద ఆగిపోవడం, తెగిపోవడం, పాడైపోవడం అన్నీ దాక్కుని ఉంటాయని నాకు ఆ రోజు తెలిసింది.

రంగనాయకులు గారు మంచి బాస్ అని మాత్రం నేను రాయను. పదిమంది ముందు మనిషిని తీసిపారేసేవారు. చక్కగా పనిచేసే ప్రూఫ్ రీడర్లు ఆయన నోటికి దడిసి వేరే పత్రికలకు వెళ్లిపోయారు. అలా అరవకుండానే ఆ ప్రశ్న అడగొచ్చు. నేను తరువాత చాలా ఏళ్లు అలాగే అడిగాను, జనం చక్కగానే జవాబు చెప్పారు.

తరువాత పత్రిక వదిలేసి, కంప్యూటర్లు, నెట్ కనెక్షన్లు బాగుచేసే చిన్న అంగడి సొంతంగా పెట్టుకున్నాను. ఇళ్లలోకి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, దాని వెనక వైఫై, రెండువేల తరువాతి దశకం చివర్లో డబ్బున్న ఇళ్లలో గాలిలోంచి పాట అందుకునే స్పీకర్లు వచ్చాయి. వాటితో పాటే కొత్త ఫిర్యాదులూ వచ్చాయి. చిత్తూరులో ఒక డాక్టరు గారు తన స్పీకరుకు ఎక్కిళ్లు పడుతున్నాయన్నారు. కంప్యూటరులో వైరస్ అని ఆయనే రోగం కూడా తేల్చేశారు. నేను హాల్లో కూర్చుని వింటూ ఉండగా కార్డ్‌లెస్ ఫోను మోగింది, పాటకు ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఆయన ఫోను పెట్టేశారు, ఎక్కిళ్లు ఆగాయి. ఆ ఫోనూ ఆ రౌటరూ గాలిలో ఒకే సందులో నడుస్తున్నాయి. రౌటరు ఛానెల్ మార్చి ఇచ్చాను. అలాంటివి తేలిక. మునస్వామి గారి ఇల్లు అలాంటిది కాదు.

మిద్దెగది

చిత్తూరు పక్క పల్లెల్లో ఎండాకాలం భారతం పెడతారు. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం పూట హరికథ, రాత్రి నాటకం. ఒక ఊళ్లో ఆ కథ చెప్పేది ఎప్పుడూ మునస్వామి భాగవతార్ గారే. ఆ ఊరి పెద్దలకు ఆయన గొంతులో కాకుండా భారతం ఎలా ఉంటుందో తెలియదు.

ఆయనకు ఎడమవైపు పడిపోయిన ఏడాది, ఈసారి కథ ఎవరు చెబుతారని ఊరివాళ్లు వచ్చి అడిగారు. నేను చెబుతానంది రేవతి. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన నిలబడి వంత పాడిన మనిషి. చిన్న చిన్న కథలు సొంతంగా చెప్పింది కూడా. పద్దెనిమిది రోజుల భారతం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. పెద్దలు తమలో తాము మాట్లాడుకుని ఒక మాట అన్నారు. భాగవతార్ గారు విని ఊ అంటే చాలు, మాకు అభ్యంతరం లేదు.

ఆ ఊ కోసమే ఇంట్లో అన్ని ఏర్పాట్లూ జరిగాయి. ఊరివాళ్లు పట్టిన పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించారు. కంప్యూటరు కింద ముందుగదిలో ఉంటుంది. రేవతి దాని మీదే పెండ్లి పత్రికల డీటీపీ పని చేసేది, వచ్చేపోయే జనం ఉంటారు కాబట్టి దాన్ని పైకి తీసుకుపోవడానికి లేదు. ఆయన కిందికి దిగలేరు. అందుకని ఆమె భర్త చంద్ర, నాయుడుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరు, రౌటరు, వైర్‌లెస్ స్పీకరు కొనుక్కొచ్చి కథను గాలిలో మిద్దె మీదికి పంపే ఏర్పాటు చేశాడు. స్పీకరుతో చిన్న రిమోటు వచ్చింది. ఆయన కుడిచేత్తోనే కథను ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. నీళ్లు తాగాలన్నా ఇంకొకరిని పిలవాల్సిన మనిషికి ఆ బొత్తాము ఎంత గొప్పదో నేను చెప్పనక్కర్లేదు. పగలంతా విని, సాయంత్రం కూతురికి పాఠం చెప్పేవారు.

కొన్నాళ్లకు పాట తెగడం మొదలైంది. మాట మధ్యలో పోతుంది, మళ్లీ వస్తుంది. ఆయన వెనక్కి తిప్పి వింటే పోయిన మాట అక్కడే ఉంటుంది. ఉన్న మాట ఇందాక ఎందుకు వినపడలేదు? తన తలలోనే తెగుతోందని ఆయనకు ఆయనే తేల్చుకున్నారు. మాకూ అట్లే తెగుతాంది నాయనా అని రేవతి చెప్పింది. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. ఆస్పత్రిలో ఇది పక్షవాతమని చెప్పకుండా, ఏం లేదు, నరం పట్టేసిందని ఆయనకు అబద్ధం చెప్పింది ఆ ఇంటివాళ్లే.

చంద్ర కంప్యూటరును ఫార్మాట్ చేశాడు. స్పీకరు మార్చాడు. ఇంకొకాయన వచ్చి రౌటరు మార్చాడు. ఎవరిని పిలిచినా చెప్పింది ఒకటే, స్పీకరు ఆగిపోతా ఉండాది అని. వచ్చినవాళ్లు ఆగిపోయే జబ్బుకు మందు వేసి వెళ్లారు.

బాగానే ఉంది

నేను మొదటిసారి వెళ్లిన రోజు చెంగమ్మ గారు వాకిట్లో నీలం డ్రమ్ములు బోర్లించి పీచుతో తోముతోంది. పైకి వెళ్లాను. చాలాసేపు కూర్చున్నాను. కథ ఎక్కడా తెగలేదు. మజ్జిగ తాగి, బాగానే ఉంది కదమ్మా అని చెప్పి వచ్చేశాను.

ఆ మాట మంచంలో ఉన్నాయన విన్నారు.

ఆ వారంలోనే రేవతి అంగడికి వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "నాయన చిడతలు నా చేతికిచ్చేసినాడన్నా. చూసేదానికి వచ్చిన ఇంజనీరే బాగుండాదన్నాడు, అంటే బాగలేనిది నేనే, తలకాయ బాగలేనోడు ఊ అంటే ఎంత, అనకపోతే ఎంత అంటాడు. ఊరోళ్లను వేరే భాగవతార్‌ను చూసుకోమని చెప్పమన్నాడు."

కొత్తగా వచ్చేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీరున్నప్పుడు తప్పు కనపడకపోతే, నేనున్నప్పుడు రాలేదు అనండి. బాగానే ఉంది అనకండి. మొదటిది వార్త. రెండోది తీర్పు. తీర్పు చెప్పేంత సాక్ష్యం ఒక్క పూటలో మీ చేతికి రాదు.

చిడతలు

రెండోసారి వెళ్లినప్పుడు ఇంటివాళ్లనెవరినీ ఏమీ అడగలేదు. నేరుగా మంచం దగ్గరికి వెళ్లి ఆయన్నే అడిగాను. ఆయన గోడ వైపు చూస్తూ, అడిగేదానికి ఏముండాది, తెగతా ఉండాది అన్నారు. తెగినాక కథ యాడ అందుకుంటా ఉండాది స్వామీ, వదిలిన కాడనా, ముందుకు పొయ్యా అని అడిగాను. ఆయన గోడ మీది నుంచి చూపు నా మీదికి తిప్పారు. అప్పటిదాకా ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.

రేవతి దగ్గర చిడతలు తీసుకుని ఆయన చేతిలో పెట్టాను. కథ పెట్టమన్నాను. ఆదితాళంలో ఒక పాట నడుస్తోంది. ఆయన చెయ్యి దానంతటదే తాళం అందుకుంది. కొంతసేపటికి పాట పోయింది. చెయ్యి ఆగలేదు. పాట మళ్లీ వచ్చింది. వచ్చి సరిగ్గా ఆయన దెబ్బ మీదే పడింది. ఇంకోసారి పోయింది, ఇంకోసారి దెబ్బ మీదే పడింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"ఆగలే ఇది," అన్నారు. "మింగతా ఉండాది."

"అంటే?"

"ఆగుంటే వదిలిన కాడ ఎత్తుకోవాల గదా. నా తాళం తప్పాల. తప్పలే సూడు. పాట దోవన పాట పోతానే ఉండాది. నడాన మాటల్ని ఎవురో మింగతా ఉండారు."

రంగనాయకులు గారు ఉంటే ఆ మాటను హెడ్డింగుగా పెట్టేవారు. ఆగిందంటే తప్పు కంప్యూటరులో ఉన్నట్టు. మింగిందంటే కంప్యూటరు పాడుతూనే ఉంది, పంపుతూనే ఉంది, చేరిందా లేదా అని అది వెనక్కి తిరిగి చూడదు. పోయింది దారిలో. ఇన్నాళ్లూ ఈ చివరా ఆ చివరా మార్చారే తప్ప మధ్యలో దారిని ఎవరూ చూడలేదు.

ఆయనకు మాత్రం ఇంకా గురి కుదరలేదు. నాకు పరీక్ష పెట్టారు. ఈసారి పాట పోగానే ఆఖరున వినపడిన మాట ఏదో నన్నే ముందు చెప్పమన్నారు. చెప్పాను. మళ్లీ వచ్చినప్పుడు మొదట వినపడిన మాట అడిగారు. అదీ చెప్పాను. ఆయనకు వినపడినవీ అవే. "నువ్వు ఈళ్లతో కలవలేదు గదప్పా?" అన్నారు. లేదన్నాను. "అట్లయితే మింగేది ఎవురో పట్టకచ్చి సూపించు."

ల్యాప్‌టాప్ తీసుకున్నాను. సిగ్నల్ ఎంత బలంగా ఉందో అందులో గీతలుగా కనపడుతుంది. స్పీకరు దగ్గర నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ చూసుకుంటూ వచ్చాను. పైన గీతలు బతికీ బతకనట్టున్నాయి. రౌటరు కింద ముందుగది మూలలో, మెట్ల కింద గూట్లో ఉంది, టెలిఫోను తీగ అక్కడికే వచ్చింది కాబట్టి. దాని దగ్గరికి పోబోతే నాకు దారి లేదు. నీలం డ్రమ్ములు వరసగా నిలబడి ఉన్నాయి, మూతల దాకా నీళ్లు. పక్కకు తిరిగి దూరాల్సి వచ్చింది. అలా ఇరుక్కుని ఉండగా గుర్తొచ్చింది, పోయినసారి ఇవి వాకిట్లో బోర్లించి ఉన్నాయని.

ఈరోజు కొళాయి వచ్చిందా అమ్మా అని చెంగమ్మ గారిని అడిగాను. వచ్చిందంది. నీళ్లు వచ్చిన రోజేనా పాట తెగేది అని అడిగాను. పాట సంగతి తనకు తెలియదంది. ఇంకోటి చెప్పింది.

"నీళ్లొచ్చిన దినం ఈయన అన్నం ముట్టడు నాయనా. నేను నీళ్లు పట్టే సద్దుకు కోపమేమో అనుకుంటా ఉంటి."

అంతే. పాట తెగిన దిగులుకు ఆయన అన్నం మానే రోజులూ, డ్రమ్ములు నిండే రోజులూ ఒకటే. నాకు కావాల్సిన సాక్ష్యం అదే. మైక్రోవేవ్ పొయ్యిలో అన్నం వేడెక్కేది అన్నంలోని నీళ్లు ఆ తరంగాన్ని తాగేస్తాయి కాబట్టి. ఆ రౌటరు పంపే తరంగం కూడా దాదాపు అదే జాతి. నీళ్ల గోడ వెనక రౌటరును కూర్చోబెట్టి, గోడ దాటి మిద్దె ఎక్కమంటే అది ఎంతని ఎక్కుతుంది. డ్రమ్ములు నిండితే మింగుతుంది. వాడుకునే కొద్దీ వదులుతుంది. నీళ్లు దాచుకునే ఊళ్లో, నీడ పట్టున మెట్ల కింద డ్రమ్ములు పెట్టుకునే ఇళ్లలో మాత్రమే వచ్చే జబ్బు ఇది. ఏ కంపెనీ పుస్తకంలోనూ రాసి ఉండదు.

సెలవు మీద ఇంట్లోనే ఉన్న చంద్ర నమ్మలేదు. నీళ్లకూ పాటకూ ఏం సంబంధమన్నా అని నవ్వాడు. నిజానికి రౌటరు జాగా మార్చి చూస్తే సరిపోయేది. కానీ నాకు పాట బాగుపడితే చాలదు. మింగింది ఎవరో మంచంలో ఉన్న మనిషికి తన చెవులతో తెలియాలి. అందుకని డ్రమ్ములు ఖాళీ చేద్దామన్నాను. ఎండాకాలంలో నీళ్లు పారబొయ్యమంటాడా ఈ మనిషి అని చెంగమ్మ గారు నడుం మీద చేతులు పెట్టుకుంది. పారబొయ్యొద్దు, వీధికి ఇద్దామన్నాను. ఆమె ఒక్క క్షణం మిద్దె వైపు చూసింది. వాకిట్లోకి వెళ్లి, సుభద్రా, బిందె తీసుకోనిరా అని కేకేసింది.

ఆ తరువాత జరిగింది మొదట్లోనే రాశాను.

రౌటరును గూట్లోంచి తీసి, పొడుగు తీగ వేసి, మెట్ల పైన గోడకు బిగించాను. తరువాత కొళాయి వచ్చిన రోజు మళ్లీ వెళ్లి, డ్రమ్ములన్నీ మూతల దాకా నింపించి, అప్పుడు విన్నాను. ఒక్క మాట పోలేదు. ఏ తప్పునైనా అది పుట్టిన పరిస్థితిలోనే పరీక్షించాలి, ఖాళీ డ్రమ్ములతో సంబరపడి వచ్చేయకూడదు. ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. రేవతి ఒక పద్యం అప్పజెబుతుంటే మధ్యలో ఆపి, "యాందే, ఇప్పుడు నువ్వు మింగతా ఉండావా?" అన్నారు.

భారతం మిట్ట

భారతానికి కొద్దిరోజుల ముందు రేవతి ఫోన్ చేసింది. మళ్లీ మింగింది అన్నా అంది. అదీ ఒకే చోట, ప్రతిసారీ అక్కడే. ఒకే చోట అంటే నీళ్లూ కాదు, గాలీ కాదు. వెళ్లి కంప్యూటరు దగ్గరే కూర్చుని విన్నాను. కంప్యూటరులోనూ ఉంది. పాత క్యాసెట్టు తీసి టేప్‌రికార్డరులో వేస్తే అందులోనూ ఉంది.

కుంతి కర్ణుడి దగ్గరికి వచ్చే ఘట్టం. నువ్వు నా కడుపున పుట్టినోడివి కర్ణా అని కుంతి అంటుంది. ఆ మాట తరువాత ఏమీ లేదు. మాట లేదు, చిడతలు లేవు, జనం సద్దు లేదు. చాలాసేపటికి కర్ణుడి పద్యం ఎత్తుకుంటుంది. తాళం కట్టి చూద్దామంటే అక్కడ తాళమే లేదు.

భాగవతార్ గారిని అడిగాను. ఆపారా, టేపు మింగిందా? ఆయన ఆ ముక్కను మళ్లీ మళ్లీ తిప్పించుకుని విన్నారు.

"ఏమోనప్పా," అన్నారు చివరికి. "ఆపింటానేమో. ఏమన్నా చెప్పింటే టేపు మింగిందేమో. నాకు గేనం లే."

గుర్తులేదన్న మాట అంటూ ఆయన నవ్వారు. కొద్దివారాల ముందైతే ఆ మాటకే ఆయన గోడ వైపు తిరిగిపోయేవారు. నవ్వు అయ్యాక కూతురి వైపు చూసి, ఊ అన్నారు. దేనికి నాయనా అంది రేవతి అర్థం కాక. "ఊరోళ్లకు చెప్పు. ఊ అన్నానని."

కారులో పడుకోబెట్టి ఆయన్ని గుడి ముందు కథ చెప్పే మెరకకు, భారతం మిట్టకు తీసుకెళ్లారు. గుడి పక్కన పందిట్లో వాలుకుర్చీ వేశారు. నేను కర్ణుడి కథ రోజున వెళ్లాను. రేవతి కాళ్లకు గజ్జెలు కట్టుకుని, తండ్రి చిడతలతోనే నిలబడింది. మొదట్లో ఆడగొంతుకు అలవాటు పడక పెద్దలు కొంచెం బిగదీసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం సగమయ్యేసరికి ముందుకు వంగి వింటున్నారు. వేరుసెనక్కాయలు అమ్మేవాళ్లు కూడా బుట్టలు దించి నిలబడిపోయారు.

కుంతి ఆ మాట అంది. రేవతి ఆగింది. చిడతలు ఆగాయి, మృదంగం ఆగింది. మిట్ట మీద ఒక్క మనిషీ కదల్లేదు. వాలుకుర్చీలో ఆయన కుడిచెయ్యి పైకి లేచి గాలిలో అలాగే నిలబడింది. ఆ చెయ్యి మోకాలి మీద పడిన క్షణానే ఆమె కర్ణుడి పద్యం ఎత్తుకుంది. ఆమె అటు చూడలేదు. పక్కనున్న ఊరిపెద్ద కళ్లు తుడుచుకుని, ఆయన ఆడ ఇట్లే ఆపేటోడు అని నాతో అన్నాడు. అతని వెనకున్న ఇంకో పెద్దాయన, ఆపేటోడు కాదు, ఆడ ఒక పాట ఉండేది అన్నాడు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి అదే మిట్ట మీద కూర్చుని విన్నవాళ్లే.

రేవతి ఇప్పటికీ ఏటా ఆ ఊళ్లో భారతం చెబుతోంది, ఆ చోట ఆగుతోంది. ఆ క్యాసెట్టును నేను తరువాత ఇంకా మంచి యంత్రాల మీద వేసి చూశాను. అది పట్టిన ఏడాదే ఆ కథను ఇంకెవరైనా రికార్డు చేశారేమోనని చిత్తూరు పక్క పల్లెల్లో వాకబు చేశాను, దొరకలేదు. అక్కడ ఆయన ఆగారో, టేపు మింగిందో నాకు ఈ రోజుకీ తెలియదు.